ఎలక్ట్రోడ్‌కు అంటుకున్న అయాన్ల లెక్క: వోల్టామెట్రీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

లోహ అయాన్ల వోల్టామెట్రీ (ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను ఒక వేగంతో, అంటే స్కాన్ రేటుతో, మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) మీద వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే దగ్గర చిక్కుకున్నాయి. పీక్ వచ్చింది సరే, అది ఎలక్ట్రోడ్ మీద ఉన్న పొర ఇచ్చిందా, ద్రావణంలోని అయాన్లు ఇచ్చాయా అన్నది తేలడం లేదు. ఆ ప్రశ్నలన్నీ ఈ సంచికలో ఒకచోట చేర్చాం. వేరే చెప్పని చోట పొటెన్షియల్ విలువలన్నీ 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో పోల్చినవి. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు.

ప్రశ్న: పీక్ కరెంటు స్కాన్ రేటు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుందని మా పాఠ్యపుస్తకంలో ఉంది. ల్యాబ్ మాన్యువల్‌లో మాత్రం నేరుగా స్కాన్ రేటుకే అనుపాతం అని రాశారు. ఏది నమ్మాలి?
(ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: రెండూ నిజమే, సందర్భాలే వేరు. ద్రావణంలో తిరుగుతున్న అయాన్ ఎలక్ట్రోడ్ దాకా వచ్చి చేరితేనే చర్య. దగ్గరున్నవి ఖర్చయ్యాక దూరం నుంచి రావాలి. ఆ రాకనే విసరణ అంటారు, అది ఎంత వేగంగా ఉంటే కరెంటు అంత. దీనికి వర్తించేది రాండిల్స్–సెవ్‌చిక్ సమీకరణం: పీక్ కరెంటు = 2.69 × 10⁵ × ఎలక్ట్రాన్ల సంఖ్య ఘాతం 1.5 × వైశాల్యం × విసరణ గుణకం వర్గమూలం × గాఢత × స్కాన్ రేటు వర్గమూలం.

అయాన్ గానీ దాని కాంప్లెక్స్ గానీ ముందే ఉపరితలానికి అంటుకుని ఉంటే కథ మారిపోతుంది. బావిలో నీళ్లు ఊరినట్టు సరుకు ఊరదు, బిందెలో ఉన్నదే ఉంటుంది. స్కాన్ రెట్టింపు వేగంతో చేస్తే అదే చార్జి సగం సమయంలో బయటికి వస్తుంది కాబట్టి కరెంటు రెట్టింపవుతుంది. ఇక్కడ పీక్ కరెంటు = 9.39 × 10⁵ × ఎలక్ట్రాన్ల సంఖ్య వర్గం × వైశాల్యం × ఉపరితల సాంద్రత × స్కాన్ రేటు. వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో, ఉపరితల సాంద్రత చదరపు సెంటీమీటరుకు మోల్స్‌లో, స్కాన్ రేటు సెకనుకు వోల్టుల్లో వేస్తే కరెంటు ఆంపియర్లలో వస్తుంది.

ఆకారం చూసినా తేడా పట్టుకోవచ్చు. అంటుకున్న పొర ఆదర్శంగా ప్రవర్తిస్తే పోయే పీక్, వచ్చే పీక్ ఒకే పొటెన్షియల్ దగ్గర ఎదురెదురుగా నిలుస్తాయి. గంట ఆకారంలో ఉంటాయి, తోక ఉండదు. సగం ఎత్తులో వెడల్పు ఒక ఎలక్ట్రాన్‌కు 90.6 మిల్లీవోల్టులు, రెండు ఎలక్ట్రాన్లకు దాదాపు 45. విసరణ పీకుల మధ్య ఒక ఎలక్ట్రాన్‌కు 57 నుంచి 59 మిల్లీవోల్టుల ఎడం ఉంటుంది, పీక్ దాటాక పొడవాటి తోక సాగుతుంది.

అయినా మా ఓటు ఆకారానికి కాదు, కరెంటుకూ కాదు, చార్జికి. సెకనుకు 10, 20, 50, 100, 200 మిల్లీవోల్టుల దగ్గర పీక్ కింది చార్జి తీసి పక్కపక్కన రాయండి. అంటుకున్న పొరైతే అన్నీ ఒక్కటే రావాలి. విసరణ అయితే వేగం పెరిగేకొద్దీ చార్జి తగ్గుతూ పోతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే పీక్ కింది వైశాల్యం చాలాసార్లు ఆంపియర్–వోల్టుల్లో ఉంటుంది. దాన్ని స్కాన్ రేటుతో భాగిస్తే తప్ప కూలూంబులు రావు. ఆ ఒక్క భాగహారం మరిచిపోయి చార్జి స్కాన్ రేటుతో పాటు పెరుగుతోందని రాసినవాళ్లు తక్కువమంది కాదు.

ఉదాహరణకు 3 మిల్లీమీటర్ల డిస్క్ వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు. ఒక ఎలక్ట్రాన్ చర్యలో చార్జి 0.68 మైక్రోకూలూంబు వచ్చిందనుకోండి. దాన్ని ఫారడే స్థిరాంకం (ఒక మోల్ ఎలక్ట్రాన్ల చార్జి) 96,485తోనూ 0.0707తోనూ భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 1.0 × 10⁻¹⁰ మోల్ వస్తుంది. ఒక్క పొరగా పరుచుకున్న ఓ మోస్తరు కాంప్లెక్స్‌కు ఈ స్థాయి సబబే. 10⁻⁸ వచ్చిందంటే అది పొర కాదు, మందపాటి ఫిల్మ్.

ప్రశ్న: కరెంటు, స్కాన్ రేటు లాగ్–లాగ్ గ్రాఫ్ వాలు నాకు 0.8 వచ్చింది. అంటుకున్నట్టా, లేనట్టా?
(పరిశోధక విద్యార్థి, వరంగల్)

జవాబు: ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. సగం అంటుకున్నవి, సగం ద్రావణంలోవి కలిసి ఇచ్చినా 0.8 వస్తుంది. ఫిల్మ్ మందంగా ఉండి, వేగంగా స్కాన్ చేసినప్పుడు లోపలి పొరలకు అయాన్లు సమయానికి చేరకపోయినా వస్తుంది. ద్రావణం నిరోధం వల్ల పీక్ నలిగి పొట్టిదైనా వస్తుంది. ముందు అయిదు స్కాన్ రేట్లను నెమ్మది వైపు మూడు, వేగం వైపు మూడుగా విడదీసి (మధ్యది రెండింట్లోనూ ఉండొచ్చు) వాలు విడివిడిగా చూడండి. నెమ్మది వైపు 1, వేగం వైపు 0.6 అయితే ఫిల్మ్ మందాన్నో నిరోధాన్నో అనుమానించాలి. నెమ్మది వైపు 0.5, వేగం వైపు 1కి దగ్గర అయితే ద్రావణంలోని అయాన్లు, అంటుకున్నవి రెండూ ఉన్నాయి, వేగం పెరిగాక అంటుకున్నవి పైచేయి సాధిస్తున్నాయి.

ఇంతకంటే పెద్ద ఉచ్చు ఒకటుంది. డబుల్ లేయర్ (ఎలక్ట్రోడ్‌ను ఆనుకుని కెపాసిటర్‌లా చార్జి నిల్వ చేసే పొర) చార్జింగ్ కరెంటు కూడా స్కాన్ రేటుకు నేరుగా అనుపాతంలోనే ఉంటుంది. బేస్‌లైన్ తీసేయకుండా సున్నా గీత నుంచి పీక్ ఎత్తు కొలిస్తే, అసలు ఏ చర్యా లేని ఎలక్ట్రోడ్ కూడా వాలు 1 ఇచ్చి ఊరుకుంటుంది. పీక్‌కు రెండు వైపులా ఉన్న చదును భాగాలను కలుపుతూ గీత గీసి, దాని మీది నుంచే కొలవాలి.

ఉపరితలానికి రసాయనికంగా కట్టేసిన కాంప్లెక్స్ అయితే మరో సులువైన పరీక్ష ఉంది. ఎలక్ట్రోడ్‌ను తీసి, నీళ్లతో కడిగి, లోహ అయాన్ లేని అదే ఎలక్ట్రోలైట్‌లో పెట్టి స్కాన్ చేయండి. పీక్ అంతే ఎత్తున నిలిస్తే సందేహం లేదు. కింది ప్రశ్నలో చెప్పబోయే రాగి పొరకు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. పొటెన్షియల్ తీసేసి గాలి తగలనిస్తే ఆ పొర ఆక్సీకరణమై ద్రావణంలోకి పోతుంది.

ప్రశ్న: బంగారు డిస్క్ మీద రాగి అండర్‌పొటెన్షియల్ డిపోజిషన్ చేస్తున్నాను. 0.05 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1 మిల్లీమోలార్ కాపర్ సల్ఫేట్. +0.6 నుంచి −0.1 వోల్టు వరకు సెకనుకు 100 మిల్లీవోల్టులతో స్కాన్ చేస్తే తిరుగు దారిలో ఒకే ఒక పెద్ద, సన్నని పీక్ వస్తోంది. పేపర్లలో చూపించే రెండు జతల పీకులు కనిపించడం లేదు.
(పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: లోహ అయాన్ల ఉపరితల చర్యలకు ఇంతకంటే మంచి పాఠం లేదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

మామూలుగా రాగి మీద రాగి జమ కావడానికి ఒక పొటెన్షియల్ ఉంటుంది. బంగారం మీద మొదటి పొర మాత్రం దానికంటే ధన పొటెన్షియల్ వద్దే జమైపోతుంది, అండర్‌పొటెన్షియల్ డిపోజిషన్ అంటే ఇదే. రాగికి రాగితో ఉన్న బంధం కంటే బంగారంతో ఉన్న బంధం గట్టిది కావడమే కారణం. ఈ ముందస్తు తేడా రెండు లోహాల వర్క్ ఫంక్షన్ (లోహంలోంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి) తేడాలో ఇంచుమించు సగం ఉంటుందని 1974లో కోల్బ్, గెరిషర్ బృందం చూపించింది. ఆ ఒక్క పొర నిండాక ఇక ఆగిపోవాలి. కాబట్టి ఇది అంటుకున్న పొర చర్యే.

మీరు ఆ పొర దగ్గర ఆగలేదు. రాగి ప్రమాణ పొటెన్షియల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే +0.340 వోల్టు. 1 మిల్లీమోలార్‌కు నెర్న్‌స్ట్ సమీకరణం వేస్తే +0.251. దాన్ని మీ రిఫరెన్స్‌కు మార్చడానికి 0.210 తీసేస్తే సుమారు +0.04 వోల్టు మిగులుతుంది. అంతకంటే కిందికి దిగిన ప్రతిసారీ పొర మీద పొరగా మామూలు రాగి పేరుకుంటుంది. మీరు −0.1 దాకా వెళ్లారు. తిరుగు దారిలో ఆ రాగి అంతా ఒక్కసారిగా కరిగి ఇచ్చినదే మీరు చూసిన పెద్ద పీక్. దాని పక్కన అసలు పీకులు స్కేలులో కనిపించకుండా పోయాయి. కింది హద్దు +0.06 దగ్గర ఆపండి.

ఇక ఎలక్ట్రోడ్ తయారీ. అల్యూమినా పొడితో 1, 0.3, 0.05 మైక్రాన్ల వరుసలో పాలిష్ చేయండి. ప్రతి దశ తర్వాత నీళ్లలో రెండు మూడు నిమిషాలు సోనికేటర్‌లో పెట్టకపోతే అల్యూమినా రేణువులు బంగారంలో దిగబడి ఉండిపోతాయి. తర్వాత 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 0 నుంచి +1.5 వోల్టు మధ్య సెకనుకు 100 మిల్లీవోల్టులతో, వరుస వలయాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవరకు తిప్పండి. 20 నుంచి 30 వలయాలు పడుతుంది. తిరుగు దారిలో +0.9 దగ్గర ఒక్కటే స్పష్టమైన పీక్ రావాలి. అది బంగారు ఆక్సైడ్ క్షయకరణం.

ఆ పీక్ చార్జిని పారేయకండి, అసలు వైశాల్యం అందులోనే ఉంది. చదరపు సెంటీమీటరుకు 400 మైక్రోకూలూంబులు అన్నది వాడుకలో ఉన్న లెక్క. 2 మిల్లీమీటర్ల డిస్క్ జ్యామితీయ వైశాల్యం 0.0314 చదరపు సెంటీమీటర్లు. ఆక్సైడ్ చార్జి 18.8 మైక్రోకూలూంబులు వస్తే నిజమైన వైశాల్యం 0.047, అంటే గరుకుదనం 1.5. పై హద్దు మారిస్తే ఆక్సైడ్ మందం మారుతుంది కాబట్టి +1.5 అని నిర్ణయించుకున్నాక ప్రతిసారీ అదే పెట్టాలి.

ఇప్పుడు ఏం ఆశించాలి? బంగారం 111 ముఖం (స్ఫటికంలో పరమాణువులు బాగా దగ్గరగా అమరిన తలం) మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 1.39 × 10¹⁵ పరమాణువులు ఉంటాయి. ఒక్కో బంగారు పరమాణువుకు ఒక్కో రాగి, రెండేసి ఎలక్ట్రాన్లు వేసుకుంటే దాదాపు 440 మైక్రోకూలూంబులు. సల్ఫేట్ ఉన్నప్పుడు మొదటి పీక్ దగ్గర మూడింట రెండు వంతుల రాగి తేనెపట్టు గదుల అమరికలో కూర్చుని మధ్య ఖాళీల్లో సల్ఫేట్‌ను చేర్చుకుంటుంది. రెండో పీక్ దగ్గర మిగతా రాగి వచ్చి పొర నిండుతుంది. పేపర్లలో మీరు చూసిన రెండు జతలు ఇవే. కానీ అవి ఏకస్ఫటికం మీదివి. మామూలు డిస్క్‌లో రకరకాల ముఖాలు ఉంటాయి కనుక పీకులు వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. అది మీ తప్పు కాదు. అంత స్పష్టంగా కావాలంటే అభ్రకం మీద పూత పోసి మంటలో ఎనీల్ చేసిన బంగారు ఫిల్మ్ వాడాలి.

స్కాన్ రేటు మీద ఒక మాట. పొర ఉపరితలానిదే అయినా దానికి కావలసిన రాగి ద్రావణంలోంచే రావాలి. పై ఎలక్ట్రోడ్‌కు సెకనుకు 20 మిల్లీవోల్టుల దగ్గర ఆదర్శ పొర పీక్ దాదాపు 8 మైక్రోఆంపియర్లు అడుగుతుంది. 1 మిల్లీమోలార్ ద్రావణం విసరణ ద్వారా ఇవ్వగలిగింది దాదాపు 9. అంటే 20 దగ్గరే సరఫరా అంచుకు వచ్చేశారు. 100 దగ్గర పొర అడిగేది 40, ద్రావణం ఇచ్చేది 20. అందుకే జమ అయ్యే పీక్ వర్గమూలం దారి పడుతుంది, చూసినవాళ్లు ఇది ఉపరితల చర్య కాదని తేల్చేస్తారు. కరిగే పీక్‌కు ఈ బాధ లేదు, సరుకంతా ముందే ఎలక్ట్రోడ్ మీద ఉంది. 5 నుంచి 20 మధ్య స్కాన్ చేయండి. లేదా స్కాన్ రేటు పరీక్షకు కరిగే పీక్‌నే వాడి, ప్రతి వలయానికి ముందు +0.06 దగ్గర ఒకట్రెండు నిమిషాలు ఆపి పొర నిండనివ్వండి.

చివరగా రిఫరెన్స్. సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ కొన నుంచి కారే కొద్దిపాటి క్లోరైడ్ చాలు, సల్ఫేట్‌ను పక్కకు నెట్టి పీకుల స్థానాన్నీ ఆకారాన్నీ మార్చేస్తుంది. పొద్దున ఒకలా, సాయంత్రం మరోలా వచ్చే వోల్టామోగ్రామ్‌లలో చాలాసార్లు దోషి ఇదే. మెర్క్యురీ–మెర్క్యురస్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్ వాడితే సమస్య తప్పుతుంది. అది దొరకనిచోట శుభ్రం చేసిన రాగి తీగను అదే ద్రావణంలో ముంచి రిఫరెన్స్‌గా వాడండి. మామూలు రాగి జమ కావడం సరిగ్గా 0 వోల్టు దగ్గర మొదలవుతుంది, దానికి పైనున్నదంతా అండర్‌పొటెన్షియల్ భాగమే. గుర్తు పెట్టుకోవడం కూడా తేలిక. అయితే ఆక్సిజన్ ఉంటే తీగ కరుగుతూ పొటెన్షియల్ జారుతుంది కాబట్టి ముందు 15 నిమిషాలు నైట్రోజన్ పంపి, స్కాన్ చేస్తున్నంతసేపూ ద్రావణం పైన నైట్రోజన్ ఆడనివ్వాలి.

ప్రశ్న: రాగి బదులు సీసంతో అదే ప్రయోగం చేస్తే ద్రావణం తెల్లగా మారింది. ఎందుకు?
(ఎమ్మెస్సీ విద్యార్థి, గుంటూరు)

జవాబు: లెడ్ సల్ఫేట్ అవక్షేపం. సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసేసి 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆమ్లంలో 1 మిల్లీమోలార్ లెడ్ నైట్రేట్ వాడండి. సీసం పరమాణువు పెద్దది కాబట్టి బంగారం మీద నిండు పొర చార్జి 440 రాదు, 300 మైక్రోకూలూంబుల చుట్టుపక్కల ఉంటుంది. రిఫరెన్స్ వంతెనలో పొటాషియం లవణం ఉంటే కొన దగ్గర పొటాషియం పెర్‌క్లోరేట్ గడ్డకట్టి దారి మూస్తుంది. సోడియం లవణానికి మారండి. పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని వేడి చేయడం, సేంద్రియ పదార్థాలతో కలపడం రెండూ వద్దు.

ప్రశ్న: నీళ్లలో నికెల్ కొలవడానికి డైమిథైల్‌గ్లయాక్సీమ్ పద్ధతి పెట్టాం. తక్కువ గాఢతల్లో సరళరేఖ బాగానే ఉంది, ఆ తర్వాత పీక్ పెరగడం మానేస్తోంది. కొన్ని నమూనాల్లో అసలు పీకే రావడం లేదు.
(నీటి పరీక్షల ల్యాబ్ సిబ్బంది, విశాఖపట్నం)

జవాబు: మొదటి సమస్య పద్ధతి స్వభావంలోనే ఉంది. ఇక్కడ కొలిచేది ద్రావణంలోని నికెల్‌ను కాదు, ఎలక్ట్రోడ్ మీద అధిశోషణమైన (అంటుకున్న) నికెల్–డైమిథైల్‌గ్లయాక్సీమ్ కాంప్లెక్స్‌ను. ఉపరితలంలో జాగా నిండాక ఎంత నికెల్ కలిపినా పీక్ పెరగదు. చేరబెట్టే సమయాన్ని 60 సెకన్ల నుంచి 15కు తగ్గించండి, లేదా నమూనాను పలుచన చేయండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో నికెల్ హద్దు లీటరుకు 0.02 మిల్లీగ్రాములు, అంటే 20 మైక్రోగ్రాములు. ఆ దరిదాపుల నమూనాలకు పది రెట్లు పలుచన చేయడమే మంచిది. పలుచనతో పాటు అడ్డుపడే సేంద్రియ పదార్థాలూ తగ్గుతాయి, అది అదనపు లాభం.

మాకు నచ్చిన పాళ్లు ఇవి: 10 మిల్లీలీటర్ల నమూనాకు 1 మోలార్ అమ్మోనియా–అమ్మోనియం క్లోరైడ్ బఫర్ 1 మిల్లీలీటరు, ఎథనాల్‌లో 1 శాతం డైమిథైల్‌గ్లయాక్సీమ్ 25 మైక్రోలీటర్లు. చివరి పీహెచ్ 9.2 దగ్గర ఉండాలి. నైట్రోజన్ 5 నిమిషాలు. కలుపుతూ −0.70 వోల్టు వద్ద చేరబెట్టి, కలపడం ఆపి 10 సెకన్లు నిలకడకు వదిలి, −1.2 వరకు స్కాన్. నికెల్ −0.95, −1.0 మధ్య వస్తుంది. కోబాల్ట్ ఉంటే −1.1 దగ్గర పక్కనే నిలుస్తుంది.

పీక్ రాని నమూనాల్లో ముందు పీహెచ్ చూడండి. నిల్వ కోసం నైట్రిక్ ఆమ్లం వేసి పంపిన నీళ్లు పీహెచ్ 1 దగ్గర ఉంటే 10 మిల్లీలీటర్లలో 1 మిల్లీమోల్ ఆమ్లం ఉన్నట్టు. మీరు పోసిన బఫర్‌లో అమ్మోనియా అర మిల్లీమోల్ మాత్రమే. బఫర్ చేతులెత్తేస్తుంది, కాంప్లెక్సే ఏర్పడదు. ముందు అమ్మోనియాతో తటస్థం చేసి, ఆ తర్వాతే బఫర్ పోయాలి. ఆ అమ్మోనియాలోనూ నికెల్ ఉండొచ్చు కాబట్టి అంతే పరిమాణంతో బ్లాంక్ (నమూనా లేకుండా చేసే పరీక్ష) తప్పనిసరి. పీహెచ్ సరిగానే ఉండి కూడా పీక్ లేదంటే సబ్బు, డిటర్జెంట్ లాంటివి ఉపరితలాన్ని ముందే ఆక్రమించి ఉంటాయి, లేదా ఏదో బలమైన లైగాండ్ (లోహ అయాన్‌ను పట్టుకునే అణువు) నికెల్‌ను వదలడం లేదు. కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి అతినీలలోహిత దీపం కింద పెట్టి ఆ సేంద్రియాలను కాల్చేశాక కొలవండి. ఫలితం ఎప్పుడూ స్టాండర్డ్ అడిషన్‌తోనే (నమూనాలోనే తెలిసిన మోతాదు నికెల్ కలుపుతూ కొలవడం) తీయాలి, బయటి కాలిబ్రేషన్ గీత ఇలాంటి నీళ్లకు పనికిరాదు.

వేలాడే పాదరసం బొట్టుకు బదులు గ్లాసీ కార్బన్ మీద బిస్మత్ ఫిల్మ్ వాడొచ్చు. బిస్మత్ పూతను ముందే వేరే ఆమ్ల ద్రావణంలో వేసుకుని, కడిగి, అమ్మోనియా బఫర్‌లోకి మార్చండి. ఈ పీక్ చార్జిని రెండు ఎలక్ట్రాన్లతో భాగించి ఉపరితల సాంద్రత లెక్క కట్టకండి. నికెల్‌తో పాటు లైగాండ్‌లోని ఆక్సీమ్ గుంపులు కూడా క్షయకరణం చెందుతాయి. పద్ధతికి ఇంత సున్నితత్వం రావడానికి అదొక కారణం. తిరుగు దారిలో పీక్ రాకపోవడానికీ అదే కారణం.

ప్రశ్న: స్క్వేర్ వేవ్ వోల్టామెట్రీలో (పొటెన్షియల్‌ను ముందుకూ వెనక్కూ పల్స్‌లుగా మార్చే పద్ధతి) మా కాంప్లెక్స్‌కు రెండు పీకులు వస్తున్నాయి. సైక్లిక్‌లో (ఒకసారి పోయి తిరిగి వచ్చే మామూలు స్కాన్) ఒకటే ఉంది. రెండో పీక్ మలినానిదా?
(పరిశోధక విద్యార్థిని, అనంతపురం)

జవాబు: మలినం అనేముందు ఆంప్లిట్యూడ్ (పల్స్ ఎత్తు) ఎంత పెట్టారో చూడండి. అంటుకున్న పొరలో ఎలక్ట్రాన్ బదిలీ చాలా వేగంగా ఉంటే, ఆంప్లిట్యూడ్ పెంచినప్పుడు ఒకే చర్య తాలూకు నికర పీక్ రెండుగా చీలుతుంది. ముందుకు వెళ్లే పల్స్ పీక్, వెనక్కి వచ్చే పల్స్ పీక్ వేర్వేరు పొటెన్షియల్స్ దగ్గర నిలబడటమే దీనికి కారణం. మధ్యలో మాత్రం పొర అంతా పల్స్ మొదట్లోనే మారిపోయి, చివర్లో కరెంటు కొలిచే వేళకు ఏమీ మిగలదు. పరీక్ష సులువు: ఆంప్లిట్యూడ్‌ను 80, 60, 40, 25 మిల్లీవోల్టులకు తగ్గిస్తూ పోండి. చీలిక అయితే రెండు పీకులూ దగ్గరకు జరిగి కలిసిపోతాయి. రెండు వేర్వేరు పదార్థాలైతే ఎత్తు తగ్గుతుంది గానీ ఉన్నచోటే ఉంటాయి.

దీన్ని ఉపద్రవం అనుకోకండి, వేగం కొలవడానికి ఇదే మంచి ఆధారం. ఆంప్లిట్యూడ్ 25 దగ్గర స్థిరంగా పెట్టి, ఫ్రీక్వెన్సీని 8 నుంచి 1000 హెర్ట్జ్ దాకా మారుస్తూ, పీక్ కరెంటును ఫ్రీక్వెన్సీతో భాగించి గ్రాఫ్ గీయండి. ఒకచోట శిఖరం వస్తుంది. ఎలక్ట్రాన్ బదిలీ వేగాన్ని చెప్పే రేటు స్థిరాంకాన్ని ఆ శిఖర ఫ్రీక్వెన్సీతో భాగిస్తే 1కి దరిదాపుగా ఉండే ఒక సంఖ్య రావాలి. కచ్చితమైన విలువ ఆంప్లిట్యూడ్‌ను, బదిలీ గుణకాన్ని (పొటెన్షియల్ మార్పులో ఎంత భాగం చర్యను వేగవంతం చేస్తుందో చెప్పే సంఖ్య) బట్టి కొంచెం మారుతుంది. శిఖరం 100 హెర్ట్జ్ దగ్గర వస్తే రేటు స్థిరాంకం సెకనుకు వంద స్థాయిలో ఉన్నట్టు.

ప్రశ్న: అదే రేటు స్థిరాంకాన్ని సైక్లిక్ వోల్టామెట్రీతో లావిరాన్ పద్ధతిలో తీయాలంటే ఎంత స్కాన్ రేటు దాకా వెళ్లొచ్చు?
(పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: మీ సెల్ నిరోధం ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు. లావిరాన్ 1979లో ఇచ్చిన విశ్లేషణలో రెండు దారులున్నాయి. పీకుల ఎడం 200 మిల్లీవోల్టులను ఎలక్ట్రాన్ల సంఖ్యతో భాగించిన దానికంటే ఎక్కువ అయితే, పీక్ పొటెన్షియల్‌ను స్కాన్ రేటు లాగరిథమ్ మీద గీసి సరళరేఖ వాలు నుంచి బదిలీ గుణకం తీస్తారు. ఒక ఎలక్ట్రాన్, గుణకం 0.5 అయితే వాలు స్కాన్ రేటు పది రెట్లయినప్పుడల్లా 118 మిల్లీవోల్టులు. ఎడం అంతకు తక్కువైతే పట్టిక వాడాలి. గుణకం 0.5 దగ్గర, ఒక ఎలక్ట్రాన్‌కు ఎడం 61 మిల్లీవోల్టులు అయితే పట్టికలోని పరామితి 0.5. సెకనుకు 10 వోల్టుల దగ్గర ఆ ఎడం వచ్చిందంటే రేటు స్థిరాంకం 0.5 × 38.9 (ఫారడే స్థిరాంకాన్ని వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగిస్తే వచ్చేది) × 10, అంటే సెకనుకు సుమారు 195.

అయితే ఆ ఎడమంతా చర్యదేనా? 3 మిల్లీమీటర్ల డిస్క్, చదరపు సెంటీమీటరుకు 10⁻¹⁰ మోల్ పొర, సెకనుకు 10 వోల్టులు అనుకుంటే పీక్ కరెంటు 66 మైక్రోఆంపియర్లు. డబుల్ లేయర్‌ది మరో 14. పరిహారం చేయని నిరోధం 200 ఓమ్‌లైతే 16 మిల్లీవోల్టులు అక్కడే పోతాయి. రెండు వైపులా కలిపి 32, అంటే మీ 61లో సగం నిరోధానిదే. సెకనుకు 100 వోల్టులకు వెళ్తే నిరోధం, కెపాసిటెన్స్ కలిసి మొదటి వంద మిల్లీవోల్టులకు పైగా స్కాన్‌ను మింగేస్తాయి. లవణం గాఢత పెంచండి, రిఫరెన్స్ కొన దగ్గరికి జరపండి, డిస్క్ చిన్నది వాడండి. చిన్న డిస్క్‌తో వచ్చే లాభం ముందు మిగతా రెండూ తక్కువే. ఎలక్ట్రానిక్ పరిహారం 80 నుంచి 85 శాతం దాటిస్తే పొటెన్షియోస్టాట్ ఊగిసలాడుతుంది, ఆ ఊగిసలాటలో పొర ఊడిపోయిన సందర్భాలూ ఉంటాయి.

నిజంగా చర్యదేనని నిర్ధారించుకోవాలంటే పొర సాంద్రతను సగానికి తగ్గించి మళ్లీ కొలవండి. చర్య వల్ల వచ్చిన ఎడం మారదు, నిరోధం వల్ల వచ్చినది తగ్గుతుంది.

ప్రశ్న: పీక్ వెడల్పు 90కి బదులు 140 మిల్లీవోల్టులు ఉంది. ఎలక్ట్రాన్ల సంఖ్య 0.65 అని రాయొచ్చా?
(ఎమ్మెస్సీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: రాయకండి. పక్కపక్కన ఉన్న అయాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటే పీక్ వెడల్పవుతుంది, ఆకర్షించుకుంటే సన్నబడుతుంది. బంగారం 111 మీద రాగి పీకులు 45 కంటే బాగా సన్నగా రావడం ఆకర్షణకు ఉదాహరణ. అన్ని స్థానాలూ ఒకేలా లేని గరుకు ఉపరితలం మీద కూడా వెడల్పు పెరుగుతుంది. సాంద్రత తగ్గించి చూడండి. పీక్ సన్నబడి 90 వైపు వస్తే వికర్షణ. ఎంత తగ్గించినా 140 దగ్గరే ఉంటే ఉపరితలమే నానా రకాలు, మళ్లీ పాలిష్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.